రెండో సాక్షి

అత్తాపూర్,
జనవరి 11.

ప్రియమైన డోర్కాస్‌కి,

ఎన్నిసార్లు చేసినా నీ ఫోన్ కలవడం లేదు. నా నంబర్ బ్లాక్ చేశావేమోనని ఒకసారి అనుమానం వచ్చింది గానీ, మనిద్దరి మధ్య అలాంటివి ఉండవని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అందుకే మన పాత పద్ధతికి వచ్చాను. డిగ్రీ అయిపోయిన ఏడాది మొదలుపెట్టిన ఆట గుర్తుందిగా? ఏటా వసంతం జాడ ముందు ఎవరికి కనిపిస్తే వాళ్లు రెండోవాళ్లకి కార్డు రాయాలి. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ గెలవలేదు. నాలుగో అంతస్తు బాల్కనీలోంచి నాకు కనిపించేది ఎక్స్‌ప్రెస్‌వే, దాని కింద దుమ్ము పట్టిన కుండీలు. ఇక గెలిచేదెలా?

ఈ కవరుతోపాటు నా పుస్తకం పంపుతున్నాను. పేరు ‘గట్టు మీద వసంతం’. రెండు నెలల్లో మొదటి ముద్రణ అయిపోయిందంటే నాకే నమ్మకం కలగడం లేదు. చదువుతుంటే అక్కడక్కడ నీ కార్డులు గుర్తుకు రావచ్చు. చివరి పేజీలో ‘ఈ ప్రయాణంలో తోడున్న మిత్రులందరికీ’ అన్నాను కదా, ఆ మిత్రుల్లో మొదటిదానివి నువ్వే.

ఇప్పుడు నీతో చిన్న పని పడింది. మా ప్రచురణకర్త జగదీశ్ గారు మార్చి 1న, ఆదివారం పొద్దున్నే, పాఠకులతో ఒక నడక ఏర్పాటు చేశారు. ముప్పై మంది పేర్లిచ్చారు. పుస్తకంలోని పసుపు మోదుగు చెట్టును చూడాలని అందరికీ ఒకటే కోరిక. మోదుగంటే ఎర్రటిదేగా, పసుపుది ఉంటుందా అని రోజూ ఉత్తరాలు వస్తున్నాయి. అది ఎక్కడుందో నువ్వు ఏ కార్డులోనూ రాయలేదు. కాస్త దారి చెప్పు. ఈ ఏడు కనిపించిన కొత్త జాడలు కూడా రాయి, రెండో ముద్రణలో చేరుస్తాను.

మా నాన్నగారు కూడా నడకకు వస్తున్నారు. పుస్తకంలోని నాన్నను చూడాలని పాఠకులు తెగ సరదాపడుతున్నారు.

నీ,
మాధవీలత


తొండుపల్లి,
జనవరి 19.

మాధవీ,

‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రాలేదు.

నీ పుస్తకం నాకు కొత్త కాదు. డిసెంబరులోనే చదివాను. నేను పనిచేసే నర్సరీకి గులాబీ మొక్కల కోసం వచ్చినావిడ చేతిలో ఉంది. “వాళ్ల నాన్నగారి గురించి ఎంత బాగా రాసిందండీ, ఏడుపొచ్చేసింది” అంది. నీళ్లు పడుతున్నదాన్ని ఆగి, మొదటి పేజీ చదివాను. పైపు నీళ్లన్నీ నా కాళ్ల మీదే పోయాయి, తెలియలేదు. ఆ సాయంత్రమే నీ నంబర్ బ్లాక్ చేశాను. నీ అనుమానం నిజమే.

ఆ నాన్న మీ నాన్న కాదు. మా బాపు. పేరు మార్కు. హిమాయత్ సాగర్ గట్టు కింద తోటల్లో నలభై ఏళ్లు మాలి పని చేసినవాడు. పదేళ్ల నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బూరుగు చెట్టు దగ్గరికి తీసుకుపోయింది ఆయన. “బిడ్డా, నేనొక్కన్నే చూస్తే అది చూసినట్టు గాదు. నువ్వు గూడ చూడు. ఇద్దరం చూస్తెనే రాస్త” అన్నది ఆయన. ఇద్దరు సాక్షులు చెబితేనే మాట నిలుస్తుందని చర్చిలో విన్న లెక్కను చెట్లకూ పిట్టలకూ పట్టించిన మనిషి. ఒక్కరు చూసిన పువ్వు ఆయన నోట్‌బుక్‌లో ఒక్కటి కూడా లేదు.

నీకు డెంగీ వచ్చి నెలరోజులు మంచం పట్టినప్పుడు, నీకు పొద్దుపోవాలని ఆ నోట్‌బుక్ మొత్తం నలభై రెండు కార్డుల మీద ఎక్కించి పంపాను. పని నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా రాసేదాన్ని. నువ్వు చేసిందేమిటి? ‘బాపు’ అని ఉన్న చోటల్లా ‘నాన్న’ అని దిద్దావు. సైకిల్‌ను స్కూటర్ చేశావు. మిగిలిందంతా ఉన్నదున్నట్టు దింపేశావు. పూలు తీసుకుంటే తీసుకున్నావు, పిట్టల్ని తీసుకుంటే తీసుకున్నావు. మా బాపును ఎట్లా తీసుకున్నావే?

ఆయన పోయి రెండేళ్లు. కబురు పెడితే ఫోన్‌లో రెండు చేతులు జోడించిన బొమ్మ పంపావు. అత్తాపూర్ నుంచి ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుంది? నువ్వు రాలేదు.

ఆయన పోయినప్పటి నుంచి నోట్‌బుక్‌లో ఒక్క అక్షరం పడలేదు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మొన్న తేనెపిట్ట మగది కనిపించింది. చలికాలమంతా గొంతు కింద ఒక్క నల్ల గీతతో తిరిగింది, ఇప్పుడు ఒళ్లంతా నలుపు ఎక్కుతోంది. అది చెప్పేదేమిటంటే చలి పని అయిపోయిందని. పక్కనున్న ఎయిర్‌పోర్టు విమానాల మోతలో కూడా దాని కూత సన్నగా వినిపిస్తూనే ఉంది. నాకు కనిపించింది, కానీ రాయలేను. నా పక్కన రెండో సాక్షి లేడు.

చెట్టు దారి చెప్పను. ఈ సంగతి నేను ఊరికే వదలను కూడా. మాలి బిడ్డను, నాకు ఓపిక ఎక్కువ.

డోర్కాస్


అత్తాపూర్,
జనవరి 27.

డోర్కాస్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. ఇరవై ఏళ్ల స్నేహితురాలిని పట్టుకుని దొంగ అన్నంత పని చేశావు.

ఒక్క మాట అడుగుతాను, కోపం పక్కన పెట్టి జవాబు చెప్పు. ఆ నోట్‌బుక్‌లోని మాటలు నీ దగ్గరే ఉండిపోతే ఏమయ్యేవి? ఇనప్పెట్టెలో చీరల కింద పడి ఉండేవి. బూరుగు పూయడం నువ్వొక్కదానివే చూస్తున్నావా? పూలకు ఎవరి పేరూ రాసి ఉండదు. నేను వాటికి ఒక వరస కల్పించాను, భాష దిద్దాను, పుస్తకం చేశాను. అది పని కాదా?

నాన్న సంగతి వేరు. అది నిజమే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను. మా నాన్నగారు బ్యాంకులో ఆఫీసరు. రాజారావు గారి సంతకం ఉంటే ఇక తిరుగులేదని అనేవారు. నాకు ఊహ తెలిశాక నన్ను వేలు పట్టుకుని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఇంటికొచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని, లేచేసరికి ఆయన వెళ్లిపోయేవారు. నీ కార్డుల్లో మీ బాపు గురించి చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోయేది. జ్వరంలో ఆ నలభై రెండు కార్డులూ దిండు కింద పెట్టుకుని, ఆ సైకిల్ మీద కూర్చున్నది నేనేనని అనుకునేదాన్ని. తర్వాత రాయడం మొదలుపెడితే అలాగే వచ్చేసింది. తప్పంటావా, తప్పే. కానీ ఇప్పుడు వెనక్కి తీసుకోలేను. పుస్తకం వందలమంది చేతుల్లో ఉంది.

జగదీశ్ గారు నడక సంగతి అందరికీ ప్రకటించేశారు. చెట్టు చూపించలేకపోతే నా పరువు గంగలో కలుస్తుంది. మీ బాపుకు ఆ చెట్టంటే ప్రాణం అని కార్డుల్లో రాశావు కదా. నలుగురూ చూస్తే ఆయనకు మాత్రం సంతోషం కాదా? పాత స్నేహం మీద అడుగుతున్నాను.

మాధవి


తొండుపల్లి,
ఫిబ్రవరి 9.

ప్రియమైన మాధవికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపంలో నేనూ ఎక్కువే రాశాను. ఇరవై ఏళ్లు కార్డులు రాసుకున్నవాళ్లం, ఒక్క పుస్తకం దగ్గర ఆగిపోతామా? నువ్వు కోరినట్టే చేద్దాం. చెట్టు దగ్గరికి దారి రాస్తున్నాను. ఇందులో ఒక్క అబద్ధం లేదు. అబద్ధం రాయడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ముందు ఈ ఏటి జాడలు. గట్టు దగ్గర బూరుగు ఆకంతా రాల్చి ఎర్రగా విచ్చుకుంది. గోరువంకలు, కాకులు, తోక చీలిన నల్ల ఏట్రింతలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పూలలోకి తలలు దూరుస్తున్నాయి. రాలిన పూల దగ్గర ఎర్ర పురుగులు జతలు జతలుగా తిరుగుతున్నాయి. సర్వీసు రోడ్డు వెంట కానుగలు పసుపెక్కుతున్నాయి. మీరొచ్చేసరికి లేతాకు వేస్తాయి, ఆ ఆకు మీద ఎండ పడితే నూనె రాసినట్టు మెరుస్తుంది. మామిడి పూత పిందె కడుతోంది. కంసాలి పిట్ట పొద్దున్నే మొదలుపెడుతోంది, టంగు టంగు అని అలుపు లేకుండా. కోకిల ఇంకా గొంతు విప్పలేదు.

పొద్దున్న ఏడింటికల్లా గట్టు మీద ఉండండి. బూరుగు చూసుకుని, బండ్లెక్కి తొండుపల్లి రండి. ఊరి మొదట్లో నాలుగు వేపచెట్లు ఉంటాయి. అక్కడ దిగి కుడివైపు మట్టి బాట పట్టుకుంటే, సున్నం వేసిన పొడుగాటి గోడ, ఇనప గేటు వస్తాయి. గేటు తీసే ఉంటుంది. లోపలికి వచ్చి ఎడమవైపు రెండో వరస చివరిదాకా నడవండి. అక్కడ ఆగితే చాలు.

నావి మూడే కోరికలు. రాజారావు గారిని తప్పకుండా తీసుకురా. వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో నీ పుస్తకం ఉండేట్టు చూడు. ఆ చోట ఆగగానే మొదటి పేజీ గట్టిగా చదువు. బాపుకు ఆ పేజీ అంటే చాలా ఇష్టం.

నీ,
డోర్కాస్


అత్తాపూర్,
ఫిబ్రవరి 16.

డోర్కాస్ తల్లీ,

నువ్వు నువ్వే! నీ మనసు ఎంత పెద్దదో నాకు తెలియదా? జగదీశ్ గారికి నీ దారి చదివి వినిపిస్తే “ఎవరో బాగా తెలిసినావిడ రాసినట్టున్నారే” అన్నారు. రెండో ముద్రణలో ‘క్షేత్రంలో సహకరించినవారు’ అని వేసి నీ పేరు పెట్టిస్తాను, పూర్తి పేరే పెట్టిస్తాను. నాన్నగారికి ఎండ తగలకుండా కొత్త టోపీ కొన్నాను. ఆయనకు పుస్తకం ఇంకా చదివే తీరిక చిక్కలేదు. “నేనేం మాట్లాడాలే అక్కడ?” అని కంగారు పడుతున్నారు. నవ్వుతూ నిలబడితే చాలని చెప్పాను.

నీ మాధవి


అత్తాపూర్,
మార్చి 9.

డోర్కాస్,

వారం రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేస్తున్నాను. ఇవాళ రాసేస్తాను. నువ్వు చేసిన పని నువ్వే చదువుకో.

గట్టు మీదే గండం మొదలైంది. స్కూలు టీచరొకాయన నాన్నగారి పక్కనే నడుస్తూ, “ఆ పిట్ట ఏమిటి సార్?” అని అడిగాడు. నాన్నగారు టోపీ సర్దుకుని కాసేపు చూసి, “పిచ్చుకేనండీ, కాస్త బలిసింది” అన్నారు. అది గోరింక. అది నాకు కూడా తెలుసు. అందరూ జోక్ అనుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

నీ దారి అక్షరం తప్పలేదు. వేపచెట్లు, మట్టి బాట, సున్నం గోడ, గేటు. గేటు మీద శిలువ చూశాక గానీ నాకు అర్థం కాలేదు. సమాధుల తోట. వెనక్కి తిరుగుదామంటే ముప్పై మంది లోపలికి వచ్చేశారు. “బాగుంది మేడం, ప్రశాంతంగా ఉంది” అంటున్నారు. రెండో వరస చివర ఆకుల్లేని చెట్టొకటి ఉంటే దానికి ఆనుకుని పుస్తకం తెరిచాను. ఇంకేం చేయను? గబగబా చదివేసి బయటపడదామనుకున్నాను.

“1996 ఫిబ్రవరి 4. గట్టు దగ్గర బూరుగు తొలి పువ్వు విచ్చింది. నాన్న, నేను, ఇద్దరం చూశాం.” అంతవరకు చదివి తల ఎత్తితే, జగదీశ్ గారు నా వైపు చూడటం లేదు. నా కాళ్ల దగ్గరున్న రాయి వైపు చూస్తూ పెదాలు కదుపుతున్నారు. తర్వాత ఆయనే గట్టిగా చదివారు. “మార్కు, తోటమాలి. 1996 ఫిబ్రవరి 4. గట్టు కాడ బూరుగు తొలి పువ్వు విచ్చింది. నేను, నా బిడ్డ డోర్కాసు, ఇద్దరం చూసినం.” రాయి వేసిన ఏడు కింద చెక్కి ఉంది. నా పుస్తకం కన్నా రెండేళ్ల ముందు.

ముప్పై పుస్తకాలు ఒక్కసారి తెరుచుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. టీచరు నన్ను వదిలేసి నాన్నగారిని అడిగాడు, “ఇదేమిటి సార్? స్కూటర్ మీద తీసుకెళ్లింది మీరు కదా?” అని. నాన్నగారు వంగి రాయి మీది అక్షరాలు ఒక్కొక్కటీ చదువుకున్నారు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. “మా అమ్మాయిని నేను ఏనాడూ ఏ చెట్టు దగ్గరికీ తీసుకెళ్లలేదండీ. నాకసలు స్కూటర్ నడపడమే రాదు. మీరు చదివిన నాన్న ఈయనే అయ్యుంటారు” అన్నారు.

సొంత తండ్రి, డోర్కాస్. అంతమంది ముందు.

నువ్వు గేటు దగ్గరే నిలబడి ఉన్నావు. నవ్వలేదు కూడా. వెళ్తుంటే నాన్నగారికి చెంబుతో మంచినీళ్లు ఇచ్చావు. నేనూ ఎండలోనే ఉన్నాను, నాకు ఇవ్వలేదు.

రెండో ముద్రణ ఆగిపోయింది. మార్కు గారి పేరు మీద, నీ అనుమతితో అయితేనే మళ్లీ వేస్తానని జగదీశ్ గారు కబురు పెట్టారు. నీకూ ఉత్తరం వచ్చే ఉంటుంది. అనుకున్నది సాధించావు. కానీ నువ్వు కూడా సత్యవంతురాలివేం కాదు. పసుపు మోదుగు అన్నావు, అక్కడ పసుపూ లేదు, పువ్వూ లేదు. అబద్ధం మా ఇంట్లో చేతకాదని రాసిన చేత్తోనే అబద్ధం ఆడావు.

నాన్నగారు నాతో సరిగా మాట్లాడటం లేదు. మంగళవారం నుంచి పొద్దున్నే టోపీ పెట్టుకుని బయటికి పోతున్నారు. అడిగితే వాకింగ్ అంటున్నారు. మధ్యాహ్నానికి గానీ రావడం లేదు. నా ఇంటి మనశ్శాంతి కూడా పోగొట్టావు. ఇప్పుడైనా నీ కడుపు చల్లబడిందా?

మాధవీలత


తొండుపల్లి,
మార్చి 14.

మాధవీ,

ఇంకా చల్లబడలేదు. ఈ ఉత్తరంతో చల్లబడుతుంది.

ముందు అబద్ధం సంగతి తేలుద్దాం. ఆ ఆదివారం నువ్వు ఆనుకుని నిలబడ్డది పసుపు మోదుగుకే. మా బాపు దాని మొదట్లోనే పడుకున్నాడు. ముప్పై మందిలో ఒక్కరూ తల పైకెత్తలేదు. ఎత్తినా నల్లటి మొగ్గలే కనిపించేవి. ఆ చెట్టు ఏ ఏడూ మార్చి నాలుగు దాటనిదే పూయలేదు. నా కార్డుల్లో పద్నాలుగేళ్ల తేదీలు ఉన్నాయి, నీ పుస్తకం ఎనభై ఎనిమిదో పేజీలో అవే తేదీలు అచ్చయ్యాయి. నువ్వు అచ్చు వేయించావు గానీ చదవలేదు. అందుకే నడకకు ఒకటో తారీకు పెట్టుకున్నావు. ఆ తారీకు చూడగానే నాకు తెలిసిపోయింది, చెట్టు నీకు దొరకదని, బాపు దొరుకుతాడని. పూసి ఉంటే మిమ్మల్ని ఆ గేటు తొక్కనిచ్చేదాన్ని కాదు. పసుపు మోదుగంటే మంత్రాలకని వేళ్లతో సహా తవ్వుకుపోయేవాళ్లున్నారు. బాపు దాన్ని ఇన్నేళ్లు దాచింది అందుకే. ఇప్పుడు అది ఎక్కడుందో నీకు తెలుసు. రాయాలనుంటే రాయి. చెట్టు గురించి రాస్తే దాని కింది రాయి గురించి కూడా రాయాలి.

ఇక రాజారావు గారి సంగతి. ఆయన వాకింగ్‌కే వస్తున్నారు. ఆరాంఘర్‌లో బస్సు మారి ఇక్కడికి వస్తున్నారు.

మంగళవారం పొద్దున రాయి దగ్గర బంతిపూలు పట్టుకుని నిలబడి ఉన్నారు. “మా అమ్మాయి తరఫున కాదమ్మా, నా తరఫునే వచ్చాను” అన్నారు. బుధవారం మళ్లీ వచ్చారు. చెట్లను చూడటం ఎలాగో చెప్పమని అడిగారు. డెబ్బై రెండేళ్ల మనిషి, చిన్నపిల్లల కన్నా ఎక్కువ ప్రశ్నలు వేస్తున్నారు. గోరువంకను పిచ్చుక అనడం మానేశారు. కానుగ లేతాకును చెంపకు ఆనించుకుని, “ఇంత మెత్తగా ఉంటుందా? బ్యాంకు ఎదురుగానే ఉండేవమ్మా ఇవి, ముప్పై ఏళ్లు” అన్నారు. కోకిల తొలి కూత విన్నప్పుడు నడక ఆపేసి నా చెయ్యి పట్టుకున్నారు.

గురువారం నేను రాయి మీది ఆకులు ఊడుస్తున్నాను. ఆయన తల ఎత్తి నిలబడ్డారు. “అమ్మా డోర్కాస్, ఆ కొనకొమ్మ మీద పసుపుగా ఉన్నదేమిటి?” అన్నారు. నేను లేచి చూశాను. ఒక్కటే పువ్వు. ముందు చూసింది ఆయన. రెండో సాక్షిని నేను.

ఇంటికి పరుగెత్తిపోయి నోట్‌బుక్ తెచ్చాను. బాపు పోయాక తొలి అక్షరం. ఆయనతోనే రాయించాను. బ్యాంకు చేతిరాత కదా, ముత్యాల్లా ఉంది. “మార్చి 5. పసుపు మోదుగు తొలి పువ్వు. రాజారావు, డోర్కాస్. ఇద్దరం చూశాం.” రాశాక ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. నీకు తెలియాలనే రాస్తున్నాను.

నీ గురించి అడగలేదని అబద్ధం చెప్పను. శుక్రవారం అడిగారు. “చిన్నప్పుడు మాధవికి ఇవన్నీ చూపిస్తే ఎంత బాగుండేదో” అన్నారు. అవునండీ అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. నిన్ను కూడా తీసుకురమ్మని ఒక్క మాట అంటే చాలు, ఆయన ఆ క్షణమే నీకు ఫోన్ చేసేవారు. నా నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను.

కోపమొస్తే నాకు పుస్తకాల తెలుగు రాదని నీకు ఎరుకే. ఇగ నా మాటలనే విను. నువ్వు మా బాపును అచ్చుల పట్టుకపోయినవ్. నీ పుస్తకంల ఉన్నది కాయితం బాపు. నేను మీ నాయనను పట్టుకున్న. కాయితం మీద గాదు, మనిషినే. పొద్దుగాల ఏడింటికల్ల వస్తడు. రేపటి సంది వేప చిగురు చూడవోతం, ఎల్లుండి గట్టు మీదికి వోతం. నా సైకిల్ ఎన్క కూసుంటనన్నడు.

నువ్వు బాల్కనీలకెల్లి చూస్తుండు. పొయ్యేటప్పుడు టోపీ కనవడ్తది.

ఇద్దరం చాలు మాధవీ. మూడో సాక్షితోని మాకు పనిలేదు.

డోర్కాస్